గంగాళం మీద పేరు

నమోదు 612. సోమవారం. ముసురు.

ఈ రోజు తారుమారైన సరుకులు పదకొండు. శనివారం ఏడు, శుక్రవారం నాలుగు. పదకొండులో తొమ్మిది వంటింటి పాత్రలే. అది ఏదో కాకతాళీయంగా జరిగిందని రాసి పడుకోవాలని ఉంది. కాని చెయ్యి రావడం లేదు.

ఒక కాఫీ ఫిల్టరు సంగతి చెబుతాను. మూడో వీధి వాళ్ళు దాన్ని, వస్తువుకు వస్తువు మార్చుకునే మారుసంతలో పెట్టారు. పదకొండో వీధి వాళ్ళు తమ పలక తెర మీద చూసి అడిగారు. బదులుగా ఒక గొడుగు, రెండు నేత చీరలు ఇస్తామన్నారు. ఫిల్టరు మా గిడ్డంగికి వచ్చి, పట్టీ మీద నడిచి, పేర్లు చదివి సరుకును ఇళ్ళకు పంపే యంత్రం, అదే మా కన్ను, కిందికి వెళ్ళింది. కన్ను దాన్ని ఐదో వీధిలో ఒకాయనకు పంపింది. ఆయన పెట్టె విప్పి, "ఇది మా బావమరిది గృహప్రవేశానికి నేనిచ్చింది! నేనిచ్చింది అమ్ముకున్నాడా వాడు?" అంటూ నేరుగా బావమరిది ఇంటి మీదికి పోయాడు. మధ్యాహ్నానికి ముగ్గురూ నా బల్ల ముందున్నారు.

వాళ్ళను పంపేశాక, పట్టీ దగ్గర పనిచేసే ఆశీర్వాదం గారు ఫిల్టరు బోర్లించి చూపించారు. ఆయనకు అరవై దాటాయి, తొమ్మిదేళ్ళ కిందట సముద్రం మా ఊళ్ళను ముంచిన పెద్దపోటుకు ముందు పాత్రల మీద పేర్లు కొట్టే పని చేసేవారు.

"ఇదిగోనమ్మా, మన సూది గీసిన పేరు. వెలుగుకి అటూఇటూ తిప్పితే గానీ కనపడదు. పక్కన ఈ పాత పేరు చూడండి, ఉలి పెట్టి చుక్క చుక్క కొట్టింది. కళ్ళు మూసుకున్నా వేలికి తగులుద్ది. కన్నుకి ఏది లోతుగా ఉంటే అదే పేరు. దాన్నేం అంటాం?"

దాన్నేమీ అనలేం. వానకు చీటీలు ఊడిపోతున్నాయి, కొన్నవాళ్ళ పేరు సరుకు మీదే చెక్కి పంపుదాం, కన్ను ఆ పేరునే నమ్మాలి అని నాలుగు నెలల కిందట పై కేంద్రానికి రాసింది నేను. వాళ్ళు మెచ్చుకుంటూ జవాబు కూడా రాశారు.

ఇంటికి వచ్చి అన్నం తింటూ అన్నయ్యకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ముద్ద చేతిలో పట్టుకుని, "అంటే పాత పేరున్న మనిషి ఇంటికే పోతందా? ఖాయంగా?" అన్నాడు.

"ఆ మనిషి నివాసుల జాబితాలో ఉంటే ఖాయంగా. అదేగా నా ఖర్మ" అన్నాను.

నమోదు 614. బుధవారం.

తారుమారు పదహారు.

నేను విశ్వవిద్యాలయంలో దాన శాసనాల మీద పరిశోధన చేశాను. రాతి మీదైనా రాగిరేకు మీదైనా మొదట కనిపించే పేరు ఇచ్చినవాడిది. ఆరేళ్ళు అదే చదివాను. మరి మన ఆడవాళ్ళు పెళ్ళికి బిందె ఇస్తే బిందె మీద ఎవరి పేరు కొట్టిస్తారు? తీసుకునే పిల్లది కాదు. "అత్తయ్య ఫలానా" అని తమదే. నిన్నటిదాకా ఇది నాకు తట్టలేదు. శిబిరాల్లో ఉన్నప్పుడు పాత్రలు కలిసిపోకుండా అందరూ ఎవరి పేరు వాళ్ళు గీసుకున్నారు కదా, పాత్ర మీద పేరంటే సొంతదారు పేరే అని ఆ అయిదేళ్ళ అలవాటు కొద్దీ అనుకున్నాను.

ఇప్పుడు మెట్టనగరం అంతటా ఇచ్చిన బహుమతులు ఇచ్చినవాళ్ళ గుమ్మాలకు తిరిగి వస్తున్నాయి. కొత్త లోహం కరిగించడం ఆగిపోయి ఏడేళ్ళయింది. అవసరానికి ఎవరైనా ఏదైనా మార్చుకుంటారు, అందులో తప్పు లేదని అందరికీ తెలుసు. తెలియడం వేరు, తమ పేరున్న పళ్ళెం తమ ఇంటికే రావడం వేరు.

పై కేంద్రం నుంచి ఉత్తరువు వచ్చింది. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం నుంచి పాత్ర ఏదైనా ముందు సాన చక్రం కిందికి వెళ్ళాలి. పాత పేర్లన్నీ అరగదీయాలి. ఆశీర్వాదం గారు ఉత్తరువు రెండుసార్లు చదివించుకుని టీ కాచుకోవడానికి వెళ్ళిపోయారు.

నమోదు 616. శుక్రవారం. కాస్త ఎండ.

తారుమారు తొమ్మిది.

దుప్పట్లు ఆరేసి అటక ఎక్కాను. అక్కడ మేము ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అన్నయ్య గోనెమూట ఒకటి సగం చోటు ఆక్రమించి ఉండేది. ఎప్పుడడిగినా "పడవ సామాను, ముట్టుకోమాక" అనేవాడు. ఇవాళ అది లేదు. దుప్పట్లు సుఖంగా పట్టాయి.

"మూట ఏదన్నయ్యా?"

"ఇచ్చేశా" అన్నాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

అన్నయ్యను ఇక్కడ అందరూ పడవ శివం అంటారు. పెద్దపోటు వచ్చిన రోజు మా పక్క ఊళ్ళలో నలభై ఒక్కమందిని తన పడవలో ఎక్కించాడు. ఇప్పటికీ సంతలో ఎవరో ఒకరు వచ్చి చేతులు పట్టుకుంటారు. అప్పుడు అతని ముఖం చూడబుద్ధి కాదు నాకు. వినయం అనుకునేదాన్ని.

నమోదు 618. ఆదివారం.

సెలవు రోజు. అయినా వెళ్ళవలసి వచ్చింది.

పురుటింటి నర్సు నూర్జహాన్ ఉదయమే వచ్చి నిలబడింది. వాళ్ళు మారుసంతలో ఒక ఇత్తడి గంగాళం అడిగారు. అది వేరే ఇంటికి పోయింది.

"మేడమ్, ఈ నెల్లో పద్నాలుగు కాన్పులు. నీళ్ళు చిన్న గిన్నెల్లో కాస్తన్నాం, ఒకటి కాగేసరికి ఇంకోటి చల్లారతంది. ఆ పెద్దమ్మ ఇవ్వనంటంది. శనివారం మూడు కాన్పులున్నయ్. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

నమోదు పత్రం తీశాను. అమ్మినవారి పేరు ఎప్పటిలాగే మూసి ఉంది. వింత ఏమిటంటే బదులు గడి ఖాళీ. ఏమీ అక్కర్లేదట. ఎనిమిది కిలోల ఇత్తడిని ఈ రోజుల్లో ఎవరు ఊరికే ఇస్తారు?

గంగాళం చేరిన ఇల్లు తొమ్మిదో వీధి చివర. ఇంటావిడ కొల్లి భ్రమరాంబ, డెబ్బై ఉంటాయి, ఒక్కతే ఉంటుంది. గంగాళాన్ని ముందుగదిలో బోర్లించి గోంగూర ఆకుతో తోముతోంది. చింతపండు దొరకడం లేదు కదా. సగం మెరుస్తోంది, సగం నల్లగా ఉంది. మెరుస్తున్న వైపు అంచు కింద చుక్కలు చుక్కలుగా: చి. అలివేలు పెండ్లికి అక్క కొల్లి భ్రమరాంబ.

నేనెవరో చెప్పుకుని, జరిగింది యంత్రం పొరపాటని, క్షమించమని, గంగాళం ఇప్పించమని అడిగాను.

"ఇస్తాను. ఎవరు పంపారో చెప్పు, పట్టుకుపో."

"అమ్మినవాళ్ళ పేరు చెప్పకూడదు పెద్దమ్మా. నాకూ తెలియదు."

"అలివేలు మా చెల్లెలు. పోటు నుంచి రానివాళ్ళ జాబితాలో రాశారు దాన్ని. తొమ్మిదేళ్ళూ సరే అనుకుని పడున్నా. ఇట్టా రా, వేలు పెట్టి చూడు. మునిగిన ఇత్తడి ఎట్టా ఉంటదో నాకు తెలీదా? ఉప్పునీళ్ళు తగిల్తే పచ్చగా చిలుం పట్టి, గుంటలు పడి చస్తది. దీనికి ఒక్క గుంట ఉందేమో చూపించు."

చూశాను. లేదు.

"ఇది నీళ్ళు రాకముందే ఇంట్లోంచి బయటికొచ్చింది. ఎవరో చక్కగా చుట్టి దాచారు. గంగాళం బయటికొచ్చి, అది రాలేదంటావా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

గురువారం పదింటికి మావాళ్ళు వచ్చి తీసుకుపోతారని, మూడు రోజుల గడువు దాటాక నా చేతిలో ఉండదని మాత్రం చెప్పగలిగాను. సాన చక్రం వచ్చాక ఆ పేరు కూడా ఉండదని చెప్పలేదు. చెప్పలేకపోయాను.

"రమ్మను," అంది, మళ్ళీ తోముతూ. "పేరు చెప్పి తీసుకుపొమ్మను. లేకపోతే నన్ను కూడా దాంట్లో కూచోబెట్టి మోసుకుపొమ్మను."

నమోదు 619. సోమవారం.

మూసిన పేరు అనే నియమం ఎందుకు వచ్చిందో నేను మరచిపోకూడదు. పోటు తీసిన ఏడాది, మునిగిన ఇళ్ళలోంచి తేలినవీ తీసినవీ ఎక్కడెక్కడో బయటపడ్డాయి. ఒకరి పీట ఇంకొకరి వంటింట్లో. రెండో శిబిరంలో రుబ్బురోలు దగ్గర మొదలైన మాటలు కత్తి దాకా వెళ్ళాయి. ఒకాయన పోయాడు. ఆ తరువాతే, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఎవరికీ తెలియనక్కర్లేదు, ముందుకు బతుకుదాం అని అందరూ ఒప్పుకున్నారు. మూసిన పేరు విప్పే హక్కు ఒక్క అమ్మినవాడికే ఉంది. నేను ఆ నియమాన్ని మనస్ఫూర్తిగా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాననే అనుకుంటున్నాను.

కాని ఆ ముసలావిడ ఆశ పడుతోంది. నా యంత్రం చేసిన తప్పు వల్ల పడుతోంది. చెల్లెలు బతికి ఉంటే అది ఆమెకు తెలియాలి. బతికి లేకపోతే ఇలా ఎదురుచూస్తూ ఉండిపోనివ్వడం ఇంకా పెద్ద పాపం. ఏదో ఒకటి తేలాలి.

పేరు విప్పకుండానే అమ్మినవారికి గిడ్డంగి తరఫున కబురు పంపవచ్చు. రాశాను: "మీ గంగాళం పొరపాటున వేరొక చిరునామాకు చేరింది. తిరిగి తెప్పిస్తున్నాము. ఇది మీకు ఎలా వచ్చిందో చెప్పగలరా?" ఇంకేమీ రాయలేదు.

నమోదు 620. మంగళవారం.

జవాబు వచ్చింది. నాలుగే ముక్కలు.

"తిరిగి తెప్పించవద్దు. ఆ పెద్దావిడను ఇబ్బంది పెట్టవద్దు. పురుటింటికి వేరే గంగాళం నేను వెతికి ఇస్తాను. ఇంతటితో వదిలేయండి."

పెద్దావిడ అని నేను రాయలేదు. పురుటిల్లు అనీ రాయలేదు. అడిగినవాళ్ళ పేరు అమ్మినవాళ్ళకు కనిపిస్తుంది కనుక పురుటిల్లు సరే. పెద్దావిడ ఎలా తెలిసింది? భ్రమరాంబ అని పేరు ఉంది కదా, వయసు ఊహించి ఉండవచ్చు. ఊహించవచ్చు. కాని వేరొక చిరునామా అంటే ఆ పేరున్న ఇల్లే అని బయటివాళ్ళకు ఎలా తెలుస్తుంది? కన్ను పాత పేర్లకు పంపుతోందన్న సంగతి పై కేంద్రానికి, నాకు, ఆశీర్వాదం గారికి తప్ప తెలియదు. తగాదా పడేవాళ్ళు కూడా అది ఏదో దయ్యం పని అనుకుంటున్నారు.

ఇంకొకరికి తెలుసు. అన్నం తింటూ నేనే చెప్పాను.

గిడ్డంగి మూయకముందే ఇంటికి వెళ్ళి అటక ఎక్కాను. దుప్పట్లు దించి చూశాను. చెక్క మీద దుమ్ములో ఒక గుండ్రటి అచ్చు, చుట్టూ గోనె పీచు. జానతో కొలిచాను. ఇలాంటి సమయంలో కొలతలు తీసుకునే మనిషిని నేను.

నమోదు 621. బుధవారం.

మధ్యాహ్నం సెలవు పెట్టి అన్నయ్య ముందు కూర్చున్నాను. వల బాగుచేసుకుంటున్నాడు. సముద్రం లేని చోట వల ఎందుకని అడగడం మేము ఎప్పుడో మానేశాం.

"గంగాళం నీదేనా?"

వేస్తున్న ముడి పూర్తి చేశాడు.

"నాది కాదు. అదే కదా, యశో, బాధ."

తరువాత చెప్పాడు. అతని మాటల్లోనే రాస్తున్నాను.

"నాలుగో తిప్పు అది. అలివేలు వాళ్ళ అరుగు మీద మోకాల్లోతు నీళ్ళు. ఎక్కమ్మా అన్నాను. పక్కింటి ముసలాయన మంచం మీదున్నాడు, ఆయన్ని లేపుకుని నెక్స్టు తిప్పుకి వస్తా అంది. అని లోపలికి పోయి ఈ గంగాళం ఈడ్చుకొచ్చింది. ముందు దీన్ని తీసుకెళ్ళు శివమన్నా, మా అక్క పేరుంది దీని మీద, పోయిందంటే జన్మంతా దెప్పుద్ది నన్ను, అంది. నవ్వతా అంది. వాదన ఎందుకులే, తొందరగా అయిపోద్దని ఎక్కించా. నెక్స్టు తిప్పుకి అక్కడ ఇల్లు లేదు."

"అది నీ తప్పు కాదు."

"పడవలో ఇంకొకరికి చోటుంది. ఆ చోట్లో గంగాళం పెట్టా." వల పక్కన పెట్టాడు. "చెయ్యి పట్టుకు లాగితే వచ్చేది. నలభై ఒక్కమంది అంటారు అందరూ. ఆ లెక్కలో గంగాళాన్ని ఎవుడూ వెయ్యడు."

నాలుగుసార్లు తొమ్మిదో వీధి మొగ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడట. "ఏమని ఇచ్చేది? అప్పుడు నువ్వు చెప్పావు, కన్ను తప్పు చేస్తందని. నాకు అది తప్పులాగా అనిపించలా. దేవుడు పోస్టాఫీసు తెరిచాడనిపించింది."

కోపం వచ్చింది నాకు. నా పొరపాటుకు ఊరంతా గిడ్డంగిని తిడుతుంటే, ఇతను అందులో ఉత్తరం వేసుకున్నాడు. ఆ కోపం నిజమైనదా, లేక ఇంకొకటి తాకకుండా అడ్డం పెట్టుకున్నదా, ఇప్పటికీ తెలియదు.

"ఆవిడ చెల్లెలు బతికుందనుకుంటోంది అన్నయ్యా. ఇత్తడికి చిలుం లేదు కాబట్టి బతికుందంటోంది."

ఆ సంగతి అతనికి తట్టలేదు. గంగాళం చేరితే చాలనుకున్నాడు.

"నువ్వే ఏదో ఒకటి రాసెయ్. మూసిన పేరు మూసే ఉంచు. రూలు నీదేగా."

"రూలు నాదే. పేరు నీది. దాన్ని విప్పాల్సింది నువ్వు. రేపు పదింటికి మావాళ్ళు వెళతారు. అంతకుముందే."

చెప్పానే గాని, నాకు ఆ హక్కు ఉందా? ఉన్న ఒక్క ఆశనూ తీసేయమని పంపుతున్నాను. తీసేసిన చోట ఏం పెడతానో నాకే తెలియదు.

నమోదు 622. గురువారం.

ఎనిమిదింటికి ఇద్దరం వెళ్ళాం. వీధి మొగలో ఆగాడు. నేను ఆగలేదు. వెనక అడుగుల చప్పుడు వినిపించేదాకా తిరిగి చూడలేదు.

గంగాళం మొత్తం మెరుస్తోంది. భ్రమరాంబ దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"పడవ శివం కదూ? నువ్వెందుకొచ్చావు నాయనా?" అంది. వెంటనే గంగాళం వైపు చూసింది. మళ్ళీ అతని వైపు.

అన్నయ్య నేల మీద కూర్చుని నిన్న నాకు చెప్పిందంతా చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. నేను ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను.

"దెప్పుద్దని అందా?"

"అంది."

"నవ్వతా?"

"నవ్వతానే."

"దెప్పేదాన్నే," అంది. గంగాళం అంచు మీద చేయి అటూ ఇటూ రాసింది. "చిన్నప్పుడు నా గాజు ఒకటి నూతిలో పడేసింది. పెళ్ళి రోజు దాకా దెప్పాను." కాసేపటికి, "పడవలో చోటుందా?" అంది.

అన్నయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఉంది."

"లేదని చెప్పొచ్చుగా," అంది ఆవిడ.

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. గోంగూర ఆకులు ఏరి చేటలో వేసింది.

పదింటికి మావాళ్ళు ఇద్దరు వచ్చారు. భ్రమరాంబ లేచింది.

"తీసుకుపోండి. పురుటింటికేగా. నీళ్ళు కాచేదానికి నా గదిలో పనేంటి. కానీ ఇది వాళ్ళకి ఎవరో అమ్మింది కాదు. అలివేలు ఇచ్చింది. దాని పేరు కొట్టించి పంపు. సూదితో కాదు, ఉలితో." తరువాత అన్నయ్య వైపు తిరిగింది. "నువ్వు రేపు రా."

"దేనికి పెద్దమ్మా?"

"నీళ్ళు గడప దాటినయా? ఏం చీర కట్టుకుంది? ఆ ముసలాయన ఎవరు? అన్నీ చెప్పాలి. ఒక్క రోజుకి అయ్యేది కాదు. దాన్ని దెప్పాల్సినవన్నీ నిన్ను దెప్పుతా. కూచుని విను."

నమోదు 623. శుక్రవారం.

ఆశీర్వాదం గారు ఇంటి నుంచి సొంత ఉలి తెచ్చారు. తొమ్మిదేళ్ళుగా ట్రంకుపెట్టెలో ఉందట. మొదటి రెండు చుక్కలు వంకర పోయాయి, తరువాత చేయి కుదిరింది. పాత అక్షరాల కింద: పురుటింటికి కొల్లివారి ఆడపడుచు అలివేలు.

"సోమవారం చక్రం వచ్చినా ఇది అరగదమ్మా," అన్నారు. "అరగదియ్యాలంటే గంగాళానికి చిల్లు పడాల."

పట్టీ మీద పెట్టలేదు. కన్ను ఆ పేరు చదివి, నివాసుల జాబితాలో వెతికి, ఎక్కడ ఆగిపోతుందో చూసే ధైర్యం నాకు లేదు. నూర్జహాన్, నేను చెరొక చెవీ పట్టుకుని మోసుకెళ్ళాం.

సాన చక్రం వద్దని పై కేంద్రానికి ఉత్తరం మొదలుపెట్టాను. పేర్లు చెరిపే బదులు పట్టీ మొదట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, పేరు ఇచ్చినవాళ్ళదో పుచ్చుకున్నవాళ్ళదో వేలితో చూసి చెప్పమందాం అని. నా పోయిన సలహా ఏం చేసిందో గుర్తొచ్చి మూడుసార్లు కొట్టేశాను. నాలుగోసారి పంపాను.

ఫిర్యాదు మూసేటప్పుడు కారణం గడి నింపాలి. యంత్ర లోపం, చీటీ లోపం, మనిషి లోపం. మూడింటిలో ఒకటి ఎంచితే గానీ పత్రం మూసుకోదు. ఇందులో నా అన్న ఉన్నాడని, గిడ్డంగి గుట్టు ఇంట్లో చెప్పింది నేనేనని ఈ నమోదులో రాశాను కనుక, అడిగేవాళ్ళు అడుగుతారు. ఆ గడి మాత్రం నింపలేదు. పత్రం తెరిచే ఉంది.

అన్నయ్య ఉదయం తొమ్మిదో వీధికి వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. మళ్ళీ వాన మొదలైంది, గొడుగు ఇక్కడే వదిలేశాడు. తీసుకెళ్ళి ఇద్దామా అనుకున్నాను. వీధి మొగ దాటి ఆ ఇంటి దాకా వెళ్ళాను కూడా. కిటికీలోంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది. ఆగకుండా దెప్పుతోంది.

వెనక్కి వచ్చేశాను.